పది సెకన్లకోసారి ‘అయిదు’ అనే మోటారు స్విచ్ గారికి

మహారాజశ్రీ స్మార్ట్ స్విచ్ గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. కానీ మీరు కుశలమే, ఖాళీ అయింది మా ట్యాంకు. ఆదివారం ఒంటిగంటకి, పండక్కొచ్చిన బావగారు నెత్తిన షాంపూతో బాత్రూములోంచి కేకేశారు. అమ్మ వెళ్లి మీ ఒంటిమీదున్న బటన్ నొక్కింది. మోటారు తిరిగింది. అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను?

తప్పు నాదేలెండి. శనివారం రాత్రి మిమ్మల్ని నడిపించే రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్లో కొత్త ఓఎస్ ఎక్కించాను. బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు కెలికావని అడక్కండి, దురద. దాంతో మీ కబుర్లు అటూ ఇటూ చేరవేసే బ్రోకరు, మస్కిటో అనే ప్రోగ్రాము, కూడా మారిపోయాడు. పాత మస్కిటో ధర్మసత్రం, ఎవరొచ్చినా లోపలికి రానిచ్చేవాడు. 2020 డిసెంబరులో 2.0 వెర్షన్ వచ్చాక వాడికి హోదా పెరిగింది. మనం ప్రత్యేకంగా చెప్తే తప్ప బయటివాళ్లకి తలుపే తియ్యడు. సరే, వాడి సెట్టింగుల ఫైలు కాన్ఫిగ్‌లో ‘లిజనర్ 1883’ అని, అంటే 1883 నంబరు తలుపు తియ్యమని, రాసి తీయించాను.

అప్పుడందుకున్నారు మీరు. ‘ఆర్‌సీ 5. పది సెకన్లలో మళ్లీ ప్రయత్నం.’ ఆర్‌సీ అంటే బ్రోకరు జవాబు కోడు, అయిదంటే అనుమతి లేదని. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టాను. అయిదు. పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం పైకి చదువుతూ మళ్లీ కొట్టాను. అయిదు. రూటర్ ఆపి వేశాను, దానికేం సంబంధం లేదని తెలిసీ. అయిదు. పాస్‌వర్డ్ తప్పయితే చెప్పడానికి మీరు మాట్లాడుకునే ఎంక్యూటీటీ భాషలో నాలుగు అనే అంకె వేరే ఉంది. మీ బ్రోకరు నోట అది రాగా నేను వినలేదు. అసలు కారణం చెప్తే దొంగలకి దారి చూపించినట్టట. ఏం దోచుకుంటాడండీ దొంగ, మా ట్యాంకులో నీళ్లా?

నాలుగున్నరకి దొరికింది. మీ పేరు పాస్‌వర్డ్ ఫైల్లో ఎక్కించాక, మీకు ఆర్డర్లిచ్చే సాఫ్ట్‌వేర్ హోమ్ అసిస్టెంట్ పేరుకి కూడా కమాండులో ‘మైనస్ సీ’ కొట్టాను. అది పాత ఫైలు తుడిచేసి కొత్తది రాస్తుంది. రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కించమంటే అత్తగారి పేరు కొట్టేసినట్టు.

అయితే మాత్రం? ‘నా పేరే లేదంట్రా లిస్టులో’ అని ఒక్క ముక్క అనలేవూ? మూడున్నర గంటలు అయిదు, అయిదు, అయిదు! ఎక్కం అప్పజెప్తున్నావా? 1999లో ఎక్కడో చమురు గొట్టాల కబుర్లు ఉపగ్రహం మీదుగా మోయడానికి పుట్టిన భాష నీది. హాల్లోంచి వంటింట్లోకి రావడానికి నీకింత ఆయాసమా?

పాత లెక్కలూ ఉన్నాయి. రూటర్లో 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉన్నా నీ కంటికి ఆనదు. రిటెయిన్ అయిపోయి, అంటే బ్రోకరు దాచిపెట్టగా మిగిలిపోయిన, ఏనాటిదో ‘ఆన్’ పట్టుకుని అర్ధరాత్రి మోటారు వేసి వీధంతా తడిపావు. కరెంటు పోతే చదవమని బ్రోకరు దగ్గర ముందే వీలునామా రాసిపెట్టుకున్నావు. తీరా చూస్తే అందులో ఆస్తి ‘ఆఫ్‌లైన్’ అన్న ఒక్క మాట!

ఇప్పుడు నువ్వు ఆన్‌లైనే. అమ్మ మాత్రం బటనే నొక్కుతోంది.

ఇట్లు,
నీ పాస్‌వర్డ్ గ్యాస్ పుస్తకం వెనక రాసిపెట్టుకున్నవాడు