ఉప్పు తగినంత

పోయిన నెల ఒక శనివారం మధ్యాహ్నం వైద్యశాస్త్రంలో పెద్ద విశేషం జరిగింది, అదీ నా కళ్ళ ముందే. రక్తపరీక్ష అక్కర్లేదు, స్కానింగ్ అక్కర్లేదు, బెంగళూరు నిమ్‌హాన్స్ దాకా వెళ్ళి పెద్ద డాక్టర్ల కోసం పడిగాపులు పడక్కర్లేదు. పప్పుచారు కలిపిన అన్నం ఒక్క ముద్ద తింటే చాలు, ఎదురుగా నిలబడ్డ ఆడమనిషికి మానసిక జబ్బు తగ్గిందో లేదో చెప్పేయొచ్చు. కనిపెట్టింది డాక్టరు కాదు. ఒక తమ్ముడు.

రెండేళ్ళుగా నేను శనివారాలు హైదరాబాద్ శివార్లలో ఒక హోమ్‌కి వెళ్తున్నాను. జబ్బు చేసి, ఆస్పత్రిలో చికిత్స అయ్యి, ఇక ఆస్పత్రి అవసరం లేదని డాక్టర్లే తేల్చిన ఆడవాళ్ళు పదకొండు మంది ఉంటారక్కడ. హాఫ్‌వే హోమ్ అంటారు, అంటే సగం దారి. మిగతా సగం ఎవరు నడిపిస్తారో బోర్డు మీద రాయలేదు. అక్కడ నా పని (జీతం లేదు, రెండు కప్పుల టీ) చిన్న చిన్న ఇంటి వంటలు నేర్పడం.

నేర్పడం అంటున్నాను గానీ నాకే సిగ్గుగా ఉంది. పదకొండు మందిలో ఏడుగురు నాకు నేర్పగలరు. అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ కరీంనగర్ వైపు నుంచి వచ్చింది. అమ్మ చిన్నప్పుడే పోతే పదిహేనో ఏట పొయ్యి ముందు కూర్చుంది, ఇంట్లోవాళ్ళు, పాలేర్లు అంతా కలిపి పద్నాలుగు మందికి పంతొమ్మిదేళ్ళు వండింది. అలాంటి మనిషికి నేను మొదటిరోజు కాగితం చూసుకుంటూ అన్నం ఎలా వండాలో చెప్పాను. ఓపిగ్గా మొత్తం విని, "ఎంతమందికక్కా?" అంది.

"నీ ఒక్కదానికే."

అక్కడ ఆగిపోయింది. డబ్బాలో చెయ్యి పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. తన ఒక్కదానికి ఎన్ని బియ్యం పొయ్యాలో ఆవిడకి తెలీదు. జన్మలో ఎప్పుడూ పోయలేదు. మానెడు కడగమంటే కళ్ళు మూసుకుని కడుగుతుంది, టీ గ్లాసులో సగం అంటే మాత్రం చేతికి లెక్క దొరకడం లేదు. ఆ రోజు కాగితం మడిచి బ్యాగులో పెట్టేశాను. అప్పట్నుంచి మా క్లాసులో నడిచేది కొలతల పాఠమే. సగం టీ గ్లాసు బియ్యం, గ్లాసున్నర నీళ్ళు, గుప్పెడు కందిపప్పు, ఒక టమాటా.

ఆ టమాటా కూడా కొయ్యడానికి లేదు. కమిటీ నియమం ప్రకారం వచ్చిన మూడు నెలలదాకా ఎవరి చేతికీ కత్తి ఇవ్వకూడదు. కత్తిపీట అయితే హోమ్‌లోనే లేదు. బయట పల్లెలో అదే కత్తిపీట ముందు ఏడేళ్ళ పిల్ల కూర్చుని బెండకాయలు తరుగుతుంటే 'ఎంత పనిమంతురాలో' అని మురిసిపోతాం, సరే, అది పక్కన పెడదాం. మేం తోటకూర చేత్తో తుంచుతాం, చిక్కుడుకాయలు ఈనె తీసి విరుస్తాం, చారులోకి టమాటాలు పిసికేస్తాం. నిజం చెప్పాలంటే పిసికిన టమాటా చారే బాగుంటుంది. ఇప్పుడు ఇంట్లో కూడా అలాగే పెడుతున్నాను.

ఇక ఉప్పు. తెలుగులో ఏ వంటల పుస్తకం తెరిచినా చివరి లైను 'ఉప్పు తగినంత'. ఎవరికి తగినంత, ఎవరు తేల్చాలి, అడక్కూడదు. మా క్లాసులో ఆ మాట పనికిరాదు. టాబ్లెట్ల వల్ల కొందరికి చేతులు వణుకుతాయి, చిటికెడు అంటే గుప్పెడు పడుతుంది. ముగ్గురు లిథియం వాడతారు. ఆ మందుకీ ఉప్పుకీ ఒక లంకె ఉంది, ఉన్నట్టుండి ఉప్పు బాగా తగ్గించేసినా, ఒంట్లో నీళ్ళు తగ్గినా రక్తంలో మందు పాళ్ళు పెరిగిపోయి వాంతులు, వణుకు, అలాగే వదిలేస్తే ప్రాణం మీదకి కూడా రావచ్చు. అందుకే వాళ్ళకి ఉప్పు రోజూ ఒకేలా వెయ్యమని డాక్టరు గట్టిగా చెప్పారు. చెంచాతో, తల కొట్టి, కొలిచి వేస్తాం. ఈ మహానగరంలో ఇంత జాగ్రత్తగా ఉప్పు వేసే వంటిల్లు ఇంకోటి ఉంటే చూపించండి.

అలాంటి వంటింటికి తమ్ముడొచ్చాడు.

ముందే ఫోన్ చేసి చెప్పాడు, "అక్క చేతి వంట తిని చూసి, ఇంటికి తోల్కపోయే సంగతి ఆలోచిస్తం." వార్డెన్‌కి ఇంత పొడుగు సంతోషం. హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. తమ్ముడు, తమ్ముడి భార్య, ఆమె తండ్రి వచ్చి కూర్చున్నారు (ఈయన ఎందుకొచ్చాడో నాకిప్పటికీ అంతు పట్టలేదు, బహుశా థర్డ్ అంపైర్). పెద్దక్క తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, పళ్ళెం పట్టుకుని వచ్చింది. అచ్చం పెళ్లిచూపులు. పాట ఒక్కటే అడగలేదు. నలభై ఆరేళ్ళ మనిషి, తను ఎత్తుకుని తిప్పిన తమ్ముడి ముందు తల దించుకుని నిలబడింది.

తమ్ముడు అన్నం కలిపాడు. ఫ్యాను తిరుగుతోంది. వార్డెన్ ఊపిరి బిగబట్టింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు, నమిలాడు, నమలడం ఆపాడు, గోడ మీద క్యాలెండర్ వైపు చూశాడు. శ్రీహరికోటలో కౌంట్‌డౌన్ అప్పుడు కూడా ఇంత నిశ్శబ్దం ఉండదు. భార్య కూడా ఒక ముద్ద తిని మొగుడి వైపు చూసింది. మొగుడు మామ వైపు చూశాడు. మామ అప్పటికే రెండోసారి పోయించుకుని తింటున్నాడు, ఆయన సాక్ష్యం చెల్లదు. చివరికి తమ్ముడు గొంతు సవరించుకుని, పక్కనే ఉన్న అక్కని వదిలేసి నన్ను అడిగాడు.

"మేడమ్, అక్క టాబ్లెట్లు మంచిగ ఏస్కుంటున్నదా?"

"ఎందుకు బాబూ?"

"ఉప్పు జరంత ఎక్కువైంది."

వార్డెన్ పరుగున వెళ్ళి మందుల రిజిస్టర్ తెచ్చింది. నలుగురూ పేజీలు తిప్పి చూశారు. ఉదయం ఒకటి, రాత్రి రెండు, సంతకాలన్నీ ఉన్నాయి. అయినా తమ్ముడి మొహంలో అనుమానం పోలేదు, పప్పుచారు అబద్ధం చెప్పదు కదా.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ఆ ఉప్పు నేను వేశాను. చారు మరుగుతుంటే మా అమ్మాయి ఫోన్ చేసింది, దాంతో మాట్లాడుతూ మాట్లాడుతూ చెంచాడు వేసేశాను. పెద్దక్క అంతకుముందే కొలిచి వేసిందని తర్వాత గుర్తొచ్చింది. అదే మాట అందరి ముందూ చెప్పాను. తమ్ముడు చాలా మర్యాదగా నవ్వి, "మీరు మంచోళ్ళు మేడమ్, ఎనకేస్కొస్తున్నరు" అన్నాడు. నేరం ఒప్పుకున్నా కేసు పెట్టరు! జబ్బు సర్టిఫికెట్ లేనివాళ్ళకి ఉప్పు ఎక్కువ వేసే అర్హత కూడా లేదన్నమాట.

వెళ్ళేటప్పుడు భార్య ఫోన్ మర్చిపోయి గేటు దగ్గర్నుంచి వెనక్కి వచ్చింది. మామ కళ్ళజోడు కుర్చీలోనే వదిలేసి, అది కళ్ళకే ఉందనుకుని రోడ్డెక్కాడు. తమ్ముడు కారు వెనక్కి తీస్తూ తులసికుండీని గుద్ది రెండు ముక్కలు చేశాడు. నేను అందరినీ పట్టి పట్టి చూశాను. టాబ్లెట్లు వేసుకున్నారా అని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

ఈ పరీక్షని ఇలా ఒక హోమ్‌కే పరిమితం చెయ్యడం అన్యాయమని నా మనవి. ప్రభుత్వం వెంటనే రాష్ట్ర ఉప్పు నిర్ధారణ మండలి వెయ్యాలి, జిల్లాకో తమ్ముణ్ణి నియమించాలి. మా బంధువుల పెళ్ళిలో ఆరొందల మందికి పప్పులో ఉప్పే పడలేదు. జనం ఏం చేశారు? విస్తట్లో కాస్త ఉప్పు వేయించుకుని కలుపుకుని తిన్నారు. ఎంత ప్రమాదం! ఆ వంటమేస్త్రిని ఆ రాత్రే అడ్మిట్ చెయ్యాల్సింది. మా ఆయన పెళ్ళైన కొత్తలో ఒకేఒక్కసారి ఉప్మా చేసి ఉప్పు బదులు పంచదార వేశాడు, ఇంటిల్లిపాదీ నవ్వి నవ్వి చచ్చాం, ఇప్పటికీ సంక్రాంతికి అందరూ చేరితే ఆ కథ చెప్పుకుంటాం. అదే ఉప్మా పెద్దక్క చేసి ఉంటే? 'మళ్ళీ మొదలైంది' అని కారు మాట్లాడేవాళ్ళు.

ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి, అంతే కదా. మనకి ఆ ఊరి పేరే తిట్టు. ఎర్రగడ్డలో రైతుబజార్ ఉంది, మెట్రో స్టేషన్ ఉంది, మీకంటే నాకంటే తెలివైనవాళ్ళు బోలెడు మంది కాపురాలు చేస్తున్నారు, అయినా 'వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలి' అనగానే పళ్ళికిలిస్తాం.

అసలు వంట ఎందుకు పెట్టారీ హోముల్లో అంటే, డాక్టర్లు చెప్పే కారణం సబబైనదే. పొద్దున్నే లేచి ఒక పని మొదలుపెట్టి వరసగా పూర్తి చెయ్యడం, బజారుకెళ్ళి బేరమాడటం, పొయ్యి కట్టేశామా లేదా గుర్తు పెట్టుకోవడం, ఇవన్నీ జబ్బు తర్వాత మళ్ళీ కూడగట్టుకోవాల్సినవే. ఒప్పుకుంటాను. మరి మగవాళ్ళ హోమ్‌లో? అక్కడికీ వెళ్ళి చూశాను. కంప్యూటర్లు, మొబైల్ రిపేరు, సాయంత్రం క్యారమ్స్. అక్కడికొచ్చిన ఏ భార్యా 'ఏదీ, కాస్త పులిహోర కలపండి, తిని చూసి తీసుకెళ్తాను' అనలేదు. పైగా ఒకావిడ తనే బస్సులో క్యారియర్ పట్టుకొచ్చింది. వాళ్ళాయన తిని, ఉప్పు తక్కువైందన్నాడు. అది విని డాక్టరు సంతోషపడ్డాడు, రుచి తెలుస్తోంది, మందు పనిచేస్తోందని!

మగవాడు ఉప్పు పట్టుకుంటే కోలుకున్నట్టు, ఆడది ఉప్పు జారవిడిస్తే మళ్ళీ జబ్బు పడ్డట్టు.

పెద్దక్కకి రెండేళ్ళుగా ఏ ఇబ్బందీ లేదు. రాసిచ్చింది డాక్టరే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 నుంచి అమల్లో ఉంది. 19వ సెక్షన్ ఏమంటుందంటే, ఇంట్లోవాళ్ళు వద్దన్నారన్న ఒక్క కారణంతో మనిషిని ఇలాంటి చోట్ల ఉంచెయ్యకూడదు. ఉంచేశాం. హిందూ ఆడపిల్లకి పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు అని ఉమ్మడి రాష్ట్రంలో 1986లోనే చట్టం చేశారు, దేశం మొత్తానికి చెయ్యడానికి 2005 దాకా పట్టింది. ఆ తమ్ముడు ఉంటున్నది వాళ్ళ నాన్న కట్టిన ఇల్లు. అందులో ఈవిడకి వాటా ఉంది. వాటా ఉన్న ఇంట్లో కాలు పెట్టడానికి ఈవిడ పప్పుచారు పరీక్ష పాసవ్వాలా? ఆ ఇంట్లో పంతొమ్మిదేళ్ళు వండి పెట్టింది పరీక్ష కిందికి రాదా? వాడు ఇంటర్ చదివేటప్పుడు తెల్లారి నాలుగింటికి లేచి వాడికి క్యారియర్ కట్టింది, అందులో ఉప్పు సరిపోయిందో లేదో అప్పుడెందుకు గుర్తు రాలేదు? వంట తెలిసిన మనిషి కావాలంటే జీతమిచ్చి పెట్టుకోరాదూ! ఉద్దేశం లేదని మొహం మీద చెప్పలేక ఉప్పు మీద తోస్తారా? బోనాలకన్నాడు, దసరాకన్నాడు, ఇప్పుడు సంక్రాంతికట. తెలుగువాళ్ళకి పండగలు ఇన్నెందుకున్నాయో ఆ రోజు తెలిసింది.

సరే. మరుసటి శనివారం వెళ్ళాను. ఈ వారం ఏం వండుదాం అని మామూలుగా అడిగాను, ఉప్మాయా, కిచిడీయా. పెద్దక్క గిన్నె తోముతూ, తలెత్తకుండా, "ఎండుచేపలు" అంది.

హోమ్‌లో నీచు వండరు. చట్టం కాదు, దాతలు కొందరికి గిట్టదు, అంతే. ఇరవయ్యేళ్ళు ఎండుచేపలు తిని పెరిగిన మనుషులు సోయా ముక్కలు నములుతూ కోలుకోవాలి. నేను ఏమీ మాట్లాడకుండా ఆ పై వారం ఎర్రగడ్డ రైతుబజార్‌లో వంకాయలు, ఇంకో చోట పావుకిలో ఎండుచేపలు కొన్నాను. మూడు కవర్లు చుట్టినా బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంది.

తలలు గిల్లి, ఉత్తి పెనం మీద వేయించి, వేడినీళ్ళలో మూడుసార్లు కడిగింది. పెద్దక్కకి ఎప్పుడో కత్తి ఇచ్చేశారు, వంకాయలు నాలుగు పక్షాలుగా చీరింది. చింతపండు పిసికింది. నేను అలవాటుగా ఉప్పు డబ్బా అందుకోబోతే చేతి మీద ఒక్కటి వేసింది. "జరుగక్కా. నీకు ఫోనొస్తది."

లిథియం వాళ్ళకి తలో రెండు ముక్కలే వేశాం, పులుసు నీళ్ళగానే ఉంచాం. వాసన హాలు దాటి, ఆఫీసు గది దాటి, గేటు దాటింది. ఆ వాసనకే కమిటీ ఆయన ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని వచ్చాడు. గిన్నెలోకి తొంగి చూసి, ఇంకేం అనాలో తోచక, "ఇందులో ఉప్పు ఎక్కువ ఉంటుంది కదమ్మా" అన్నాడు.

"ఎండుచేపలు సార్" అంది పెద్దక్క. "ఉప్పులోనే ఎండుతయి."

టీ గ్లాసుతో సరిగ్గా సగం కొలిచి వండుకున్న అన్నం తిన్నది. తర్వాత ఇంకో సగం కొలిచి మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. వార్డెన్ రిజిస్టర్ తీసి ఆ రోజు పేజీలో రాసింది: 'మధ్యాహ్నం 12.40. వాసన.'