నిమిషానికో కిలోమీటరు

ఒకే మనిషి ఒకే రోజున రెండు ఊళ్లలో రెండు అర్హత పరీక్షలు రాయడం సాధ్యమేనా అని ఇంకా సందేహించేవారు ఎవరైనా ఉంటే, మా పక్కింటి అమ్మాయి హాల్ టికెట్లు చూసి కళ్లు తెరవాలి. టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష, రెండో పేపరు ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా కర్నూలులో. ఒకటో పేపరు అదే రోజు మధ్యాహ్నం రెండున్నర నుంచి ఐదు దాకా అనంతపురంలో. రెండు కాగితాల మీదా అదే ఫొటో, అదే పుట్టిన తేదీ, అదే వంకర సంతకం. ఈ ఏర్పాటు చేసిన మహానుభావుల పేరు నేను రాయను. రాస్తే నన్నూ ఒకే పూట రెండు ఊళ్లలో విచారణకు రమ్మంటారేమో.

దీన్ని పొరపాటు అంటున్నవాళ్లకు లెక్కలు రావు. పేపరుకు ప్రశ్నలు 150. రాయడానికి ఇచ్చే నిమిషాలు 150. పన్నెండుకూ రెండున్నరకూ నడుమ ఉన్నవి సరిగ్గా 150 నిమిషాలు. కర్నూలు నుంచి అనంతపురానికి 44వ నంబరు జాతీయ రహదారి మీద దూరం ఇంచుమించు 150 కిలోమీటర్లు. ప్రశ్నకో నిమిషం, నిమిషానికో కిలోమీటరు. ఇంత చక్కని పొంతన పెళ్లి జాతకాల్లో కూడా కుదరదు. కాలము - దూరము పాఠాన్ని బట్టీ పట్టించకండి, అనుభవంతో నేర్పండి అని విద్యావేత్తలు ఎంతకాలంగానో మొత్తుకుంటున్నారు. ఆ మొర ఇన్నాళ్లకు ఆలకించారు.

ఈ భాగ్యం అందరికీ దక్కదని కూడా చెప్పాలి. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఒకటో పేపరు, ఆరు నుంచి ఎనిమిదికి రెండో పేపరు. బీఎడ్ చదివినవారు ప్రాథమిక తరగతులకు పనికిరారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి, రెండు పేపర్లూ రాయాలంటే సాధారణంగా అటు కింది తరగతుల శిక్షణ డీఎడ్, ఇటు పై తరగతుల శిక్షణ బీఎడ్ రెండూ చదివి ఉండాలి. ఒక్క చదువుతో సరిపెట్టుకున్నవాళ్లు ఒక్క ఊళ్లో ఒక్క పరీక్ష రాసి, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చి అన్నం తిన్నారు. రెండూ చదివిన పాపానికి మా పక్కింటి అమ్మాయి రోడ్డున పడింది. పిల్లలకు చదువు విలువ చెప్పే ఉద్యోగానికి ఇంతకంటే మంచి తొలి పాఠం ఏముంటుంది!

అయినా కర్నూలువాళ్లకు ఇదేమీ కొత్త కాదు. 1953లో వచ్చిన రాజధాని 1956లో మా ఊరు విడిచి వెళ్లిపోయింది. ఒక పూట పరీక్షా కేంద్రం అనంతపురం వెళ్లడం దాని ముందు ఎంత?

బస్సును నమ్ముకుంటే పని జరగదు కాబట్టి ఇదే అదృష్టం పట్టిన మరో ముగ్గురిని వెతికి పట్టుకుని, నలుగురూ కలిసి ఏడు సీట్ల బండి ఒకటి బాడుగకు మాట్లాడుకున్నారు. ఒకామెకు ఎనిమిది నెలల పాప. పాపతో పాటు పాప నాయనమ్మ. ఉదయం పరీక్ష జరిగినంతసేపూ నాయనమ్మ పాపను ఎత్తుకుని కేంద్రం ఎదురుగా ఉన్న వేపచెట్టు కింద కూర్చుంది. పక్కనే జిరాక్స్ కొట్టువాడు సంచికి ఇరవై, ఫోనుకు ఇరవై తీసుకుని అభ్యర్థుల సామాను దాచిపెడుతున్నాడు. ఆ రోజు అక్కడ పద్ధతి ప్రకారం జరిగిన పని అదొక్కటే. పన్నెండుకు పరీక్ష ముగిసినా, వరుసలో బయటికి వచ్చి, సంచులు విడిపించుకుని, బండి ఎక్కేసరికి పన్నెండుంపావు దాటింది. అంటే పదిహేను కిలోమీటర్ల బాకీతో బయలుదేరారన్నమాట.

బండిలో ఎవరూ కిటికీలోంచి చూడలేదు. మనోవిజ్ఞానం పుస్తకం ఒకటే ఉంది, ఒకరు పైకి చదువుతుంటే తక్కినవారు జవాబు చెబుతున్నారు. డోన్ దాకా పిల్లల మనోవికాస దశలు చెప్పిన పియాజే. పుట్టుక నుంచి రెండేళ్ల వరకు ఇంద్రియ చాలక దశ, ఈ దశలో శిశువు చేతికి చిక్కినదల్లా నోట్లో పెట్టుకుని లోకాన్ని తెలుసుకుంటుంది అని చదువుతుండగానే, పాప తన తల్లి హాల్ టికెట్టు అందుకుని మూల కొరికేసింది. పియాజేను ఇంత నమ్మకంగా అనుసరించిన వ్యక్తి ఆ బండిలో మరొకరు లేరు. తడిసిన మూలను నాయనమ్మ కొంగుతో అద్దుతూ, "ఫొటో పోలేదులే తల్లీ, నెంబరే కొంచెం అలికింది" అని కోడలికి ధైర్యం చెప్పింది. ప్యాపిలి దగ్గర బండి వేగంలోనే పాపకు పాలు పట్టడమూ, థార్న్‌డైక్ అభ్యసన నియమాలు అప్పజెప్పడమూ ఏకకాలంలో జరిగాయి. గుత్తి చేరేసరికి డ్రైవరుకు కోల్‌బర్గ్ నైతిక వికాస దశలు వచ్చేశాయి. శిక్షకు భయపడి నియమం పాటించడం మొదటి దశ అని విని, స్పీడ్ కెమెరా ముందు బ్రేకు మీద కాలు వేస్తూ, "అయితే నేనింకా మొదటి దశలోనే ఉన్నానమ్మా" అన్నాడట. తక్కిన నూట నలభై కిలోమీటర్లలో అతను ఏ దశలో నడిపాడో అడగకపోవడం మర్యాద.

కాసేపల్లి టోల్ గేటు దగ్గర ఫాస్టాగ్‌లో డబ్బు చాలలేదు. అడ్డుకర్ర లేవలేదు. వెనక లారీలు హారన్లు మోగిస్తుంటే నలుగురు కాబోయే ఉపాధ్యాయినులు నాలుగు ఫోన్లు తీసి రీచార్జి చేయబోయారు. ముందు ఎవరిది పూర్తయిందో తెలియలేదు గానీ, చివరికి ముగ్గురి డబ్బు పడింది. కర్ర లేచింది. గడియారం మాత్రం ఆగలేదు.

ఇక్కడ కొంచెం శాస్త్రం మాట్లాడుకోవాలి. వస్తు స్థిరత్వం అని పియాజే ఒక మాట చెప్పాడు. కంటికి కనబడకపోయినా వస్తువు ఎక్కడో ఉంటుందన్న జ్ఞానం అది. ఎనిమిది నెలల వయసు నుంచి పిల్లలకు అది కలగడం మొదలవుతుంది. బండిలో ఉన్న పాపకు అప్పటికే కలిగింది, పాలసీసాను కొంగు కింద దాచితే కొంగు లాగి చూసింది. పరీక్షా కేంద్రాలు కేటాయించిన కంప్యూటరుకు ఇంకా కలగలేదు. ఉదయం కర్నూలులో కూర్చున్న మనిషి పన్నెండు తర్వాత కూడా కర్నూలులోనే ఎక్కడో ఉంటుందని దానికి తోచలేదు. పాపం, ఇంకా చిన్నది. దరఖాస్తు రుసుము దగ్గర మాత్రం దానికి ఎక్కడ లేని తెలివీ వచ్చింది. 2024లో పేపరుకు 750 రూపాయలు. రెండింటికీ కలిపి 1,500 రూపాయలు ఒకే ఖాతా నుంచి, ఒకే దెబ్బలో లాగింది. డబ్బు తీసుకునేటప్పుడు రెండు పేపర్లకూ మనిషి ఒక్కతేనని దానికి తెలుసు. గది కేటాయించేటప్పుడు మరిచిపోయింది.

హాల్ టికెట్లు వచ్చిన రోజే ఆ అమ్మాయి సహాయ కేంద్రానికి ఫోను చేసింది. అవతలి గొంతు ఎంతో శాంతంగా, "ఏదో ఒకటి వదులుకోండమ్మా, ఇంకోసారి రాసుకోవచ్చు" అంది.

ఇంకోసారి. ఎంత సులువుగా వచ్చిందా మాట! టెట్ ఏటా కనీసం ఒక్కసారైనా పెట్టాలని జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2011లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మన రాష్ట్రంలో 2018లో జరిగిన టెట్ మళ్లీ జరిగింది 2022లో. 2018 తర్వాత టీచరు ఉద్యోగాలు భర్తీ చేసే డీఎస్సీ పరీక్ష రాసే యోగం పట్టింది 2025లో. టెట్ మార్కులకు డీఎస్సీలో ఇరవై శాతం విలువ. ఒక్క మార్కు తేడాతో ఊరూ జిల్లా ఉద్యోగం అన్నీ మారిపోతాయి. ఈ ఇంకోసారి కోసమే కోచింగ్‌కు పేరుపడ్డ అవనిగడ్డలో గదికి నలుగురు చొప్పున ఉంటూ, మెస్సు చారు తాగుతూ చదివిన పిల్లలు వీళ్లు. కమ్మలు తాకట్టు పెట్టి కోచింగ్ ఫీజు కట్టిన తల్లులు వీళ్లవాళ్లు. ఏ పేపరు వదులుకోవాలి? రెండేళ్ల డీఎడ్ వదులుకోవాలా, రెండేళ్ల బీఎడ్ వదులుకోవాలా? ఈ అభ్యర్థికి ఆ రోజు మరో పరీక్ష ఉందా అని జాబితాలో ఒక్కసారి సరిచూసుకోవడానికి బద్ధకించినవాడు, ఒకరి నాలుగేళ్ల చదువును ఫోనులో వదులుకోమంటాడా? ఆ మాట అన్నవాడు జీతం రోజు తన జీతంలో సగం వదులుకుని, ఇంకోసారి తీసుకుంటాడేమో ఎవరైనా అడగండి. బిడ్డల్ని భయం, ఆందోళన లేకుండా ఎదగనివ్వాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో ఉంది. అది ఈ పరీక్షలోనే అడుగుతారు. సరైన జవాబు గుర్తిస్తే ఒక మార్కు. గుర్తించే చెయ్యి ఎందుకు వణుకుతోందో అడిగే ప్రశ్న ఏ పేపరులోనూ లేదు, సిగ్గు లేకపోతే సరి!

బండి అనంతపురం ఊరవతల ఉన్న కళాశాల గేటు ముందు ఆగేసరికి రెండు గంటల ముప్పై రెండు నిమిషాలు. నిమిషం ఆలస్యమైనా అనుమతించరని హాల్ టికెట్టు మీద లావుపాటి అక్షరాల్లో ఉంది. ఆ నియమాన్ని అక్కడ తూచా తప్పకుండా పాటించారు. నిర్వాహకులకు నిమిషాల విలువ తెలియదని ఇక ఎవరూ అనలేరు. నూట యాభై కిలోమీటర్లు వాళ్ల కంటికి ఆనలేదు గానీ, రెండు నిమిషాలు కొండంత కనిపించాయి. పాప వాళ్లమ్మ గేటు చువ్వలు పట్టుకుని, మూల తడిసిన హాల్ టికెట్టు లోపలికి చాపి చూపించింది. కాపలా మనిషి దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, నెంబరు సరిగ్గా కనబడటం లేదని కూడా చెప్పాడు.

నలుగురూ ఉదయం పేపరు బాగానే రాశామని ఒకరికొకరు చెప్పుకుంటూ వెనక్కి వచ్చారు. రాయని పేపరు రుసుము తిరిగి ఇవ్వరని దరఖాస్తులోనే ఉంది. డ్రైవరు తిరుగు ప్రయాణానికి సగం బాడుగే తీసుకున్నాడు. ఈ వ్యవహారం మొత్తంలో డబ్బు తగ్గించుకున్నది అతనొక్కడే.