లైవ్‌లో ఉన్నాం, కదలకండి

కొత్త పిల్లలకు స్వాగతం అంటే ఒకప్పుడు గులాబీ పువ్వు, సమోసా, చాయ్. ఇప్పుడు అంతటితో సరిపెడితే యూనివర్సిటీ పరువేం కావాలి? లోకమంతా చూడాలి. అందుకే వరంగల్ దగ్గర మా యూనివర్సిటీలో (పేరెందుకు లెండి) పదకొండు మందితో లైవ్ కమిటీ వేశారు. ఆ పని వచ్చినవాడు ఒక్కడే, సెకండియర్ కుర్రాడు. వాడు కమిటీలో లేడు.

ఛానెల్ సభ రోజు పొద్దున తెరిచారు. యూట్యూబ్‌లో మొదటిసారి లైవ్‌కు అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టొచ్చని కుర్రాడు చెప్పాడు. "మన యూనివర్సిటీ అని చెప్పినవా?" అన్నారు కన్వీనర్ సారు. చివరికి కుర్రాడి ఇంటి ఛానెల్లోనే పెట్టారు. అందులో అప్పటిదాకా ఉన్నవన్నీ వాళ్లమ్మ సకినాల వీడియోలు.

సభ మైకులన్నీ కలిసే మిక్సర్ నుంచి ల్యాప్‌టాప్‌కు వైరు తేవడం ఎవరి బాధ్యతో మినిట్స్‌లో రాసుకోలేదు. కాబట్టి కెమెరాకున్న చిన్న మైకే దిక్కు. దాని పక్కనే కూలర్. ముఖ్య అతిథికి 1163 నాటి వేయిస్తంభాల గుడి దగ్గర మొదలుపెట్టి 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు దాకా రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఫోన్లలో చూసినవాళ్లకు మాత్రం కూలర్ ప్రసంగించింది. ఎక్కడా తడబడలేదు.

ముందు వరుసలో కూర్చుని, ఎదుట జరిగేది వదిలేసి ఫోన్లో చూస్తున్న ఓ పెద్దసారు సంగతి కనిపెట్టి కూలర్ ఆపించారు. లైవ్ ఇరవై సెకన్లు వెనక నడుస్తుందని ఆయనకు తెలియదు పాపం. ఫోన్లో కూలర్ తిరుగుతూనే ఉంది. "ఆపమంటే ఆపవేందయ్యా?" అని అటెండర్‌ను కసిరారు. అతను భయపడి మళ్లీ స్విచ్ వేశాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ నిశ్శబ్దమైంది. "ఆఁ, గట్ల!" అన్నారు సారు.

కొత్త పిల్లలా? ఉన్నారు, వెనక చీకట్లో. లైట్లన్నీ వేదిక మీదికే కదా. మధ్యలో కుర్రాడికి పరకాల నుంచి ఎవరో తల్లి ఫోన్ చేసింది. "మా బిడ్డ ఎక్కడ కూసున్నది కొడుకా? కనబడ్తలేదు." వాడు కెమెరాను కాస్త అటు తిప్పాడు. వెంటనే కమిటీ నుంచి కబురు, శాలువాలు మిస్సవుతున్నాయని.

చూసినవాళ్లు పదిహేడు మంది. పదకొండు మంది కమిటీయే. కింద వచ్చిన కామెంట్ ఒక్కటే: "అక్కా, కిలో పిండికి నువ్వులు ఎన్ని పొయ్యాలె?"

యూనివర్సిటీ తరఫున ఏం జవాబివ్వాలా అని కమిటీ ఇప్పటికి రెండుసార్లు కూర్చుంది.