ఆ కార్బన్ పన్నేదో మనమే వసూలు చేద్దాం

సరుకును ఎగుమతి చెయ్యాలి గానీ దాని మీది పన్నును ఎగుమతి చెయ్యకూడదన్నది మన వాణిజ్య విధానంలో పాత సూత్రం. ఓడ ఎక్కే వస్తువు మీద ఇక్కడ పడిన పన్నులు వెనక్కి ఇచ్చెయ్యకపోతే పరాయి మార్కెట్లో మన ధర నిలవదు. జీఎస్టీలో ఎగుమతులకు సున్నా రేటు పెట్టింది అందుకే. జీఎస్టీలోకి రాని విద్యుత్ సుంకం, ఇంధనం మీద వ్యాట్ లాంటివి తిరిగిచ్చేందుకు 2021 నుంచి రోడ్‌టెప్ పథకం నడుస్తోంది. 2022 డిసెంబరులో ఉక్కునూ అందులో చేర్చారు. ఇన్నాళ్లూ ఈ పద్ధతి బాగానే పనిచేసింది. ఐరోపా సమాఖ్య తెచ్చిన కార్బన్ సరిహద్దు పన్ను, వాడుకలో సీబామ్, దగ్గరకు వచ్చేసరికి ఇదే మనకు ఎదురు తిరుగుతోంది.

2023 అక్టోబరు నుంచి వివరాలు మాత్రమే అడిగిన సీబామ్, 2026 జనవరి 1 నుంచి లెక్క కట్టడం మొదలుపెట్టింది. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు దీని కిందికి వస్తాయి. సరుకు తయారీలో వెలువడిన కార్బన్‌కు ఐరోపా మార్కెట్ రేటున దిగుమతిదారు డబ్బు కట్టాలి. సరుకు పుట్టిన దేశంలోనే కార్బన్‌కు ధర చెల్లించి ఉంటే ఆ మేరకు తగ్గిస్తారు. కానీ నిజంగా చెల్లించి ఉండాలి. ఎగుమతి సమయంలో వెనక్కి వచ్చిన సొమ్ము చెల్లింపు కిందికి రాదు. అంటే రేపు ఢిల్లీ బొగ్గు మీదో కార్బన్ మీదో ఒక పన్ను వేసి, అలవాటు ప్రకారం దాన్ని ఎగుమతిదారుకు తిరిగిచ్చేస్తే, సరిగ్గా ఆ సొమ్మునే ఐరోపా సమాఖ్య వసూలు చేసుకుంటుంది.

నిజానికి బొగ్గు మీద పన్ను మనకు కొత్త కాదు. 2010లో స్వచ్ఛ ఇంధనం పేరిట టన్నుకు 50 రూపాయల సెస్సు వేశాం. 2016కల్లా అది 400 అయింది. 2017లో జీఎస్టీ రాగానే ఆ 400 రాష్ట్రాల పరిహార సెస్సుగా మారిపోయింది. స్వచ్ఛ ఇంధనం మాట అక్కడితో సరి. 2025 సెప్టెంబరు 22న సెస్సునే ఎత్తేసి, బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. బొగ్గు మీద పన్ను పూర్తిగా పోలేదు కదా అనే వాదన ఉంది. విద్యుత్తు జీఎస్టీలో లేదు కాబట్టి థర్మల్ కేంద్రాల వరకు అది చెల్లుతుంది. ఉక్కు కర్మాగారానికి మాత్రం ఆ 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే ఉక్కు మీద కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా, తిరిగి వచ్చేస్తుంది. ఇనుప ఖనిజాన్ని కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌లో మండే బొగ్గుకు ఇప్పుడు కార్బన్ ధర అనదగ్గది ఏమీ మిగల్లేదు. పాత సెస్సును ఐరోపా ఒప్పుకునేదని నేను అనను. అది బొగ్గు బరువు మీద వేసింది, ఉద్గారాల మీద కాదు. అయినా దాన్నే మార్చి వాడుకునే వీలుండేది. వసూలు యంత్రాంగం సహా చేతిలో ఉన్నదాన్ని వదిలేశాం, అదీ సీబామ్ లెక్క కట్టడం మొదలవడానికి మూడు నెలల ముందు!

భారం చిన్నదేమీ కాదు. మన ఉక్కు టన్నుకు సగటున దాదాపు 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. ప్రపంచ సగటు 1.9 ప్రాంతంలో ఉంది. కార్బన్ టన్ను 75 యూరోలు అనుకుంటే పూర్తి పన్ను ఉక్కు టన్నుకు 190 యూరోల దాకా పోతుంది. మొదటి ఏడాది ఆ పన్నులో 2.5 శాతమే కదా, 2034 నాటికి గానీ పూర్తిగా పడదు కదా అని ఊరట చెప్పుకునేవాళ్లున్నారు. ఆ లెక్క టన్ను ఉక్కుకు ఇంత కార్బనే అని ఐరోపా పెట్టిన ప్రమాణాన్ని అందుకున్న కర్మాగారాలకే సరిపోతుంది. ప్రమాణానికి మించి వదిలిన ప్రతి టన్నుకూ తొలి ఏడాది నుంచే పూర్తి ధర. మనవాళ్లలో ఎక్కువమంది ఉన్నది ఆ మించిన వైపే. సౌర విద్యుత్ పెట్టుకుంటే గట్టెక్కుతామా అంటే అదీ లేదు. ప్రస్తుతానికి ఉక్కులో నేరుగా వెలువడే ఉద్గారాలనే లెక్కిస్తున్నారు, కొనుక్కున్న కరెంటువి కాదు. మారాల్సింది కొలిమిలోని బొగ్గు.

ఇది అన్యాయం కాదా? అన్యాయమే. రెండు శతాబ్దాలు బొగ్గు కాల్చి ఎదిగినవాళ్లు ఇవాళ మన చిమ్నీలను కొలుస్తున్నారు. వసూలైన సొమ్మును పేద దేశాల కొలిమిలు మార్చడానికి కూడా ఇవ్వరు. పర్యావరణం పేరుతో వాణిజ్యానికి అడ్డుగోడలు కట్టొద్దని 1992లో రియోలో రాసుకున్న మాట కాగితం మీదే ఉంది. కానీ ఫిర్యాదు ఎవరికి చేస్తాం? ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు మండలి 2019 డిసెంబరు నుంచి పనిచెయ్యడం లేదు. పనిచేసిన రోజుల్లో, 2016లో, స్వదేశీ సౌర ఫలకాలే వాడాలన్న మన నిబంధనను అదే మండలి కొట్టేసింది. 2025 జులైలో బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం కుదిరినా, 2027 నుంచి రానున్న వాళ్ల కార్బన్ పన్ను నుంచి మినహాయింపు దొరకలేదు.

ఐరోపాతో బేరాల్లో సీబామ్ మినహాయింపు కోసం ఇంత పట్టుబట్టే బదులు తుక్కు ఇనుము గురించి గట్టిగా అడగాల్సింది. తుక్కు కరిగించి చేసే ఉక్కుకు కార్బన్ బాగా తక్కువ. 2027 మే నుంచి మనలాంటి దేశాలకు వ్యర్థాల ఎగుమతిని ఐరోపా కట్టడి చేస్తోంది. తుక్కూ అందులోదే. శుభ్రమైన ఉక్కు కావాలంటూనే దానికి ముడిసరుకు ఇవ్వననడం ఏం న్యాయం? మన బేరసారాలకు ఇంతకన్నా బలమైన పాయింటు లేదు.

ఇక ఇంట్లో చెయ్యాల్సిన పని. 2023లో నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ పథకం మంచిదే, కానీ చాలదు. అందులో కర్మాగారం తనకు పెట్టిన ఉద్గార లక్ష్యం దాటిన మేరకే చెల్లిస్తుంది. కాబట్టి సీబామ్‌లో తగ్గేది కొంచెమే. ఉక్కు, అల్యూమినియం మీద వెలువడిన ప్రతి టన్నుకూ చిన్న మొత్తంతో మొదలయ్యే పన్ను ఉండాలి, ఎగుమతిలోనూ దాన్ని తిరిగివ్వకూడదు. దీనికి ఖర్చుంది. ఇల్లు కట్టుకునేవాడికి కడ్డీల ధర పెరుగుతుంది. ఉక్కుకు ముడిసరుకైన స్పాంజ్ ఐరన్‌ను బొగ్గుతో చేసే చిన్న యూనిట్లు తట్టుకోలేవు, వాటికి గడువూ సాయమూ ఇవ్వాలి. ఐరోపాయేతర మార్కెట్లలో కొంత పోటీ తగ్గుతుంది కూడా. అయినా మన ఇనుము, ఉక్కు, అల్యూమినియం ఎగుమతుల్లో సుమారు నాలుగో వంతు వెళ్లే మార్కెట్లో ఆ సొమ్ము ఎలాగూ పోతుంది. పోయేది మన ఖజానాకా, వాళ్ల ఖజానాకా అన్నదే ప్రశ్న.

ఆ డబ్బుతో చెయ్యాల్సిన పని అనకాపల్లి జిల్లాలోనే కనిపిస్తుంది. పూడిమడకలో రోజుకు 1,500 టన్నుల హరిత హైడ్రోజన్ (పునరుత్పాదక విద్యుత్తుతో తీసేది) లక్ష్యంతో ఎన్‌టీపీసీ కేంద్రానికి 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. ప్రధానంగా ఎగుమతుల కోసమని ప్రకటించారు. అదే జిల్లాలో, నక్కపల్లి దగ్గర, ఆర్సెలర్ మిత్తల్ నిప్పన్ స్టీల్ భారీ ఉక్కు కర్మాగారం తలపెట్టింది. పక్కనే విశాఖ ఉక్కు ఎప్పటి నుంచో ఎక్కువగా దిగుమతి కోకింగ్ కోల్‌తోనే, అంటే ఉక్కు కొలిమికి వాడే బొగ్గుతోనే, నడుస్తోంది. బొగ్గును తప్పించగల ఇంధనాన్ని ఓడల్లో పంపేసి, బొగ్గుతో చేసిన ఉక్కు మీద పన్ను కట్టడం దాకా రాకూడదంటే హైడ్రోజన్‌కూ కోకింగ్ కోల్‌కూ మధ్య ధర తేడాను ఎవరో ఒకరు భరించాలి. కొత్త కొలిమి ఒకసారి వెలిగిస్తే దశాబ్దాలు మండుతుంది కాబట్టి, ఆ లెక్క నక్కపల్లిలో పునాదులు లేవకముందే తేలాలి.