కాలువ కట్ట గారికి ఆదివారం సైకిళ్లవాళ్ల వినతి

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కట్ట గారికి,

హాలియా, మిర్యాలగూడల నడుమ మిమ్మల్ని తీరుబడిగా తొక్కే ఆదివారం బ్యాచ్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీ కుశలం మీద మాత్రం మాకు కొంచెం అనుమానమే. 2022 సెప్టెంబరులో నిడమనూరు మండలంలో మీకు గండి పడ్డప్పటి నుంచి, కట్ట మీద ఎక్కడ చెమ్మ కనిపించినా సైకిల్ దిగి నడిపించుకుంటున్నాం.

ముందు పొగడ్త. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువకు జవహర్ పేరు, మీకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. మిమ్మల్ని ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడు ఆఫీసు కాగితాల్లో తప్ప లేరు. నీళ్లు వాటంతటవే పారాలని, వాలు కంటికి ఆననంత పలచగా తీశారు. ఎకరాల కోసం వేసిన ఆ లెక్క యాభై దాటిన మోకాళ్లకు వరమైంది. మా గ్రూపులో ఇరవై ఒక్క గేర్ల సైకిల్ కొన్నవాళ్లున్నారు. పెట్టిన డబ్బుకు న్యాయం చేయాలని, వంతెన ఎక్కేటప్పుడు రెండు గేర్లు మార్చి తృప్తి పడుతుంటారు.

ఇక ఫిర్యాదు. "ట్రాఫిక్ లేని దారి, పక్కనే నీళ్లు, చల్లగాలి" అని వాట్సాప్‌లో పెట్టి జనాన్ని పోగేశాం. వచ్చి చూస్తే సగం దారి పొడవునా యాసంగి వడ్లు ఆరబోసి ఉన్నాయి. టార్పాలిన్ అంచుకు రాళ్లు, రాళ్ల పక్కన మంచం, మంచం కింద కుక్క. మిగతా సగం బర్రెలవి. అవి హారన్‌కు లేవవు, మా సైకిల్ గంటకు లేస్తాయా? సర్కారు తుమ్మ ముళ్ల సంగతి పంక్చర్ కిట్ మోసేవాణ్ని అడగండి.

అసలు మాట పైపులది. కాలువలోకి దించిన మోటర్ల పైపులు కట్టకు అడ్డంగా పోతుంటాయి. పైన మట్టి కప్పి ఉంటుంది. పైఅధికారులకు కనబడవట. ఉండొచ్చు, జీపుకు మంచి సస్పెన్షన్ ఉంటుంది. మాకు లేదు. ఏ పైపు ఎంత లావో మా నడుములు చెబుతాయి. ఎగువన ప్రతి మలుపులోనూ ఒక కుదుపు. దిగువకు పోతున్నకొద్దీ కుదుపులు తగ్గుతాయి, నీళ్లూ తగ్గుతాయి. తనిఖీ కోసమని మీ మీద దారి వేశారు కదా, ఆ తనిఖీ ఇన్నాళ్లకు మా వెన్నుపూసలతో జరుగుతోంది.

మొన్న ఒక మేజర్ (మీ నుంచి చీలే పెద్ద పిల్లకాలువ) తూము దగ్గర ఆగాం. ఫ్లాస్కులో చాయ్, డబ్బాలో ఉప్మా. మావాడొకడు తూము షట్టరుకు పట్టిన తుప్పు బాగుందని ఫోటో తీస్తున్నాడు. ఒకే రంగు టీషర్టులు, హెల్మెట్లు, నల్లకళ్లద్దాలు. పొలంలోంచి నలుగురు రైతులు గట్టెక్కి వచ్చారు.

"ఏ డిపార్టుమెంటు సార్ మీది?"

మేం నోరు తెరిచేలోపే పెద్దాయన అందుకున్నాడు. "మా చివరికి నీళ్లు ఎక్కుతలేవు సార్. ఇంకో రెండు తడులైతే పంట చేతికొస్తది. జర రాసుకోన్రి. జీపులొచ్చినోళ్లు దిగకనే పోయిరి, మీరు సైకిళ్ల మీదనన్న వొస్తిరి."

మా కెప్టెన్ రిటైర్డ్ ఉద్యోగి. పాత అలవాటు ఊరుకోదు కదా, "పైకి పంపిస్తాం" అనేశారు. రైతు మొహంలో ఎక్కడా ఆశ్చర్యం లేదు. ఆ జవాబు ఆయనకు కంఠతా వచ్చు. పోతూపోతూ ఉప్మా ఎలా ఉందని మాత్రం అడిగాడు.

కట్ట గారూ, ఇక్కడ మిమ్మల్ని ఒక్క మాట అడగాలి. మాది నిదానపు రైడ్. ఎవరెంత వేగం తొక్కినా చివరివాడు వచ్చి నీళ్లు తాగిందాకా ముందువాడు కదలకూడదన్నది మా రూలు. ఆ చివరివాణ్ని నేనే కాబట్టి దాని విలువ నాకు బాగా తెలుసు. మీ దగ్గర రూలు తిరగబడి ఉంది. ముందువాడు కడుపునిండా తాగి, పక్కవాడికి పోసి, మూతి తుడుచుకున్నాక మిగిలింది చివరివాడికి. పేరుకు వారబందీ ఉంది, అంటే వంతులవారీగా నీళ్లు వదలడం. వంతులున్నాయి, కాలువకు కాపలా ఉండే లస్కర్ ఉన్నాడు. పాపం ఆ లస్కర్‌కు తిరగాల్సిన కట్ట బారెడు, చేతిలో ఉన్నది ఒక టార్చిలైటు. రాత్రిపూట షట్టరు లేపినవాళ్ల పేర్లు అతనికి తెలుసు. అదే ఊళ్లో కాపురం ఉండాలనీ తెలుసు. గొడవపడమని అతనికి చెప్పే ధైర్యం మాకైతే లేదు.

కాబట్టి వచ్చే ఆదివారం ప్లాన్ మార్చాం. చివరి భూముల దగ్గర మొదలుపెట్టి ఎగువకు తొక్కుతాం. వడ్లు ఎత్తమని ఎవర్నీ అడగం, పక్క నుంచి నడిపించుకుని పోతాం. బర్రెలు లేచిందాకా ఆగుతాం, తొందరేముంది? పైపుల మీద మట్టి మాత్రం తీయించండి. లెక్కపెట్టడానికి కెప్టెన్ గారు కొత్త నోట్‌బుక్ కొన్నారు. రాసింది ఎవరికి పంపాలో తేలక, అట్ట మీద మీ అడ్రసే వేశారు.

ఇట్లు,
ఆదివారం బ్యాచ్ తరఫున,
వరసలో ఆఖరి సైకిల్