వసూలు కాని పన్ను, తీరని అప్పు

హైదరాబాద్ మహానగర పాలక సంస్థ (బల్దియా) 2025-26 సంవత్సరానికి రూ.8,440 కోట్ల బడ్జెట్‌ను ఆమోదించుకుంది. 2025 జనవరిలో పాలకమండలి సమావేశం గందరగోళంలో మునిగిపోగా, అందులోనే బడ్జెట్ గట్టెక్కింది. ఏ పనికి ఎంత, ఎందుకు అని పద్దులవారీగా అడగాల్సిన కార్పొరేటర్లు, జవాబు చెప్పాల్సిన అధికారులు ఇద్దరూ ఆ బాధ్యత నుంచి తప్పుకొన్నారు. ఇది నగర ప్రజలకు జరిగిన అన్యాయం.

బల్దియా చేతిలో ఉన్న ప్రధాన ఆదాయం ఆస్తిపన్ను. 2024-25లో దాని వసూళ్లు రూ.2,000 కోట్లు దాటడం మంచి పరిణామమే. అయితే బకాయిదారులకు వడ్డీలో 90 శాతం మాఫీ చేయడం కూడా అందుకు దోహదపడింది. ఏటా ఏప్రిల్‌లోనే పన్ను కట్టేవారికి దక్కేది 5 శాతం రాయితీ. ఏళ్ల తరబడి ఎగవేసినవారికి ఇంత ఉదారత చూపితే, రేపు సకాలంలో ఎవరు కడతారు?

ఇళ్లపై పన్ను రేట్లు రెండు దశాబ్దాలకు పైగా మారలేదు. ఆ రేట్లు ఖరారైన నాటి నగరం వేరు, నేటి నగరం వేరు. ఏడాదికి రూ.1,200 లోపు పన్ను ఉన్న ఇళ్లకు దాన్ని రూ.101కి తగ్గిస్తూ 2015లో తీసుకున్న నిర్ణయం పేదలకు ఊరట. దాన్ని కొనసాగించాల్సిందే. కానీ పేదల పేరు చెప్పి విలాసవంతమైన భవంతులనూ పాత రేట్ల నీడలో ఉంచడం సమర్థనీయం కాదు. పొరుగున ఆంధ్రప్రదేశ్ 2021లో ఆస్తి మూలధన విలువ (భూమి, కట్టడం విలువ) ఆధారంగా పన్ను విధానం తెచ్చింది. భారం ఒక్కసారిగా పడకుండా ఏడాదికి పెంపు 15 శాతం మించరాదని పరిమితి పెట్టింది. అక్కడా విమర్శలు వచ్చాయి. అయినా క్రమంగా పెంచే మార్గం ఉందని తేలింది.

ప్రజలను అడిగే ముందు ప్రభుత్వాలు తమ బాకీ తీర్చాలి. నగరంలో వసూలయ్యే వృత్తిపన్నును రాష్ట్రమే తీసుకుంటుంది. అందులో బల్దియాకు రావాల్సింది సకాలంలో ఇవ్వాలి. ప్రభుత్వ కార్యాలయాల ఆస్తిపన్ను బకాయిలదీ అదే కథ. కేంద్ర ప్రభుత్వ ఆస్తులకు రాజ్యాంగం 285వ అధికరణ కింద పన్ను మినహాయింపు ఉన్నా, స్థానిక సంస్థలకు సేవా రుసుము చెల్లించాలని సుప్రీంకోర్టు 2009లోనే స్పష్టం చేసింది. చిన్న దుకాణం షట్టర్‌కు బకాయి నోటీసు అంటించే అధికారి సర్కారు కార్యాలయం గేటు దగ్గర ఎందుకు ఆగిపోతున్నట్టు?

ఇక ఖర్చు సంగతి. ఫ్లైఓవర్లు కట్టే వ్యూహాత్మక రహదారుల పథకం కోసం బల్దియా బాండ్లు (రుణపత్రాలు) జారీ చేసింది. 2018 ఫిబ్రవరిలో తొలి విడత రూ.200 కోట్లకు వడ్డీ 8.90 శాతం. 2019లో మూడో విడతకు వచ్చేసరికి అది 10.23 శాతానికి చేరింది. వీటికి తోడు స్టేట్ బ్యాంకు నుంచి రూ.2,500 కోట్ల రుణం. ఫ్లైఓవర్ల వల్ల ప్రయాణం తేలికైన మాట నిజం. అయితే వాటి మీద పైసా ఆదాయం రాదు. అసలు, వడ్డీ కట్టాల్సింది పారిశుద్ధ్య కార్మికుల జీతాలిచ్చే ఖజానాయే. గుత్తేదారుల బిల్లులు పేరుకుపోయి కాలనీ రోడ్ల పనులు నడిమధ్యలో నిలిచిపోతున్నాయంటే ఆశ్చర్యమేముంది!

2020 సెప్టెంబరులో దుర్గం చెరువు తీగల వంతెన ప్రారంభమైంది. నెల తిరగకముందే, అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు పాతబస్తీలో, టోలిచౌకిలో కాలనీలకు కాలనీలే మునిగాయి. ప్రాణాలు పోయాయి. నాలాలను (వాననీటి కాలువలను) విస్తరించాలని 2000 నాటి వరదల తరువాత కిర్లోస్కర్ కమిటీ ఎప్పుడో సిఫార్సు చేసింది. నాలాల అభివృద్ధికి ప్రత్యేక పథకం పట్టాలెక్కింది మాత్రం 2020 విషాదం తరువాతే. వంతెనకు ప్రారంభోత్సవం ఉంటుంది, పూడికతీతకు ఉండదు. ఏది ముందో, ఏది వెనకో దీన్ని బట్టి తేలిపోతోందన్నది మా బాధ.

కొత్త ఫ్లైఓవర్‌కు మరో అప్పు చేసేముందు, ఇప్పటిదాకా తెచ్చిన రుణాలపై ఏటా చెల్లిస్తున్న మొత్తాన్ని బల్దియా బహిరంగపరచాలి. ఏ వార్డులో ఎంత పన్ను వచ్చింది, అక్కడ ఎంత ఖర్చయింది అన్న లెక్కను వార్డు కార్యాలయాల గోడలపై ప్రదర్శించాలి. నాలాల విస్తరణ, పూడికతీతలకు కేటాయించిన నిధులను మరో పనికి మళ్లించకుండా విడి ఖాతాలో ఉంచాలి. పూడికతీత బిల్లులు చెల్లించేముందు, పని జరిగిందని ఆ నాలా పక్కన నివసించేవారి చేత సంతకం చేయించాలి.