'కొత్తగా ఏమొచ్చింది?' గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'కొత్తగా ఏమొచ్చింది?' గారి దివ్యసముఖమునకు,

విశాఖపట్నం నుంచి మీ శ్రేయోభిలాషి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. ఇందిరా గాంధీ జూ పార్కులో పులులు, సింహాలు, నీటిగుర్రాలు, జింకలు కూడా క్షేమం. తమరి క్షేమసమాచారం విడిగా అడగక్కర్లేదు. ఆదివారం పదకొండింటికి టికెట్ కౌంటర్ దగ్గర నిలబడితే చాలు, తమరు ఎంత దిట్టంగా ఉన్నారో చెవులే చెబుతాయి.

మొన్న కూడా విన్నాను. క్యూలో మా ముందు ఒకాయన ఉన్నాడు. చంకలో పాప, రెండో చేతిలో మంచినీళ్ల సీసా. లోపల్నుంచి తిరిగొస్తున్న వాళ్లని ఆపి అడిగాడు.

"ఏటండీ, లోపల కొత్తగా ఏటొచ్చింది?"

"ఏటీ లేదండి. అవే."

"అవేనా! అయితే కైలాసగిరి పోదాం పద" అని భార్యతో అనేసి లైన్లోంచి బయటికొచ్చేశాడు. పాప మాత్రం ఆయన భుజం మీంచి గేటు వైపు చెయ్యి చాస్తూనే ఉంది.

1977లో తెరిచిన జూ. 625 ఎకరాలు. ఒక గేటు హైవే వైపు, ఇంకోటి సాగర్ నగర్ దగ్గర బీచ్ రోడ్డు వైపు. చుట్టూ కొండలు, ఆనుకుని కంబాలకొండ అడవి. అదంతా రెండక్షరాల్లో తేలిపోయింది. తమరి మహిమ అలాంటిది.

తమరికి ఆకలెక్కువని ఊరందరికీ తెలుసు. ఆర్కే బీచ్ ఒడ్డున 2002లో కురుసుర సబ్‌మెరైన్‌ని మ్యూజియం చేసి పెట్టారు. తమరు కొన్నాళ్లు తృప్తిగా భోంచేశారు, మళ్లీ మొదలుపెట్టారు. 2017లో దానికి ఎదురుగా నేవీ వాళ్ల పాత టీయూ-142 విమానాన్ని తెచ్చి నిలబెట్టారు. ఆ ఏర్పాటుని నేను తప్పుపట్టను. సబ్‌మెరైన్‌కి జోడు వెతకాల్సిన పని లేదు. విమానం ఎదకొచ్చిందా లేదా అని రాత్రిళ్లు ఎవరూ కాపలా కాయక్కర్లేదు. ఏడాదికోసారి రంగు వేయిస్తే కొత్తగానే ఉంటుంది. చిక్కల్లా తమరు అదే నోటితో జూకి రావడంతో వచ్చింది.

జూకి కొత్త జంతువు ఎలా వస్తుందో కాస్త చెప్పనివ్వండి. బోర్డులు చదివే అలవాటు తమరికి ఎలాగూ లేదు. మన దేశంలో జూల మధ్య ఎక్కువగా నడిచేది ఇచ్చిపుచ్చుకోవడమే. మన దగ్గర ఎక్కువైనవి వాళ్లకిస్తే, వాళ్ల దగ్గర ఎక్కువైనవి మనకిస్తారు. దానికి దేశంలో జూలన్నిటినీ అజమాయిషీ చేసే సెంట్రల్ జూ అథారిటీ సరేననాలి. సరేనన్నాక అసలు పని మొదలు. పులినైనా జిరాఫీనైనా పట్టుకుని లారీ ఎక్కించేస్తే భయానికే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ప్రయాణం పెట్టెని ముందే దాని గదికి ఆనించి తలుపు తీసి ఉంచుతారు. తిండి అందులోనే పెడతారు. మొదట తల పెట్టి వెనక్కి లాక్కుంటుంది. తర్వాత ముందుకాళ్లు. ఎన్నాళ్లకో ఒళ్లంతా. అది లోపలికి వెళ్లి నింపాదిగా తిని, తోక ఊపుకుంటూ బయటికొచ్చే రోజు దాకా మనుషులు ఓపిక పట్టాలి. జిరాఫీ అయితే దారిలో కరెంటు తీగలు, ఫ్లైఓవర్ల ఎత్తు కూడా చూసుకోవాలి. చేరాక క్వారంటైన్, పేడ పరీక్ష, రక్త పరీక్ష. ఇన్ని నెలల తంతూ ముగిసి, ఎన్‌క్లోజర్‌లోకి వదిలిన మొదటి ఆదివారం తమరు వేంచేస్తారు. ఫోటో తీస్తారు. "నెక్స్ట్ ఏంటి?" అంటారు.

పైగా జంతువుని తెచ్చింది ఆ ఫోటో కోసమేనని తమరి నమ్మకం. చాలాసార్లు అది పెళ్లి సంబంధం. పెళ్లిళ్ల పేరయ్య చంకలో పుస్తకం ఉన్నట్టు జూల వాళ్ల దగ్గర స్టడ్‌బుక్ ఉంటుంది. ఏ పిల్ల ఏ తల్లికి, ఏ తండ్రికి, ఏ ఊళ్లో ఎప్పుడు పుట్టింది, ఇప్పుడెక్కడుంది, అంతా రాసి పెడతారు. సెంట్రల్ జూ అథారిటీ కోసం డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఇలాంటి పుస్తకాలు ఎన్నో తయారుచేసింది. అందులో కట్నం కాలమ్ లేదు, అమెరికా వీసా ఊసు లేదు. చూసేదల్లా ఒక్కటే: వీళ్లిద్దరూ ఎంత దగ్గరి చుట్టాలు? మన కోస్తాలో మేనరికం అంటే ముద్దు. పొలం బయటికి పోదు, అత్తగారు కొత్త మనిషి కాదు. ఈ పుస్తకం వాళ్లకి మాత్రం మేనరికం పేరు చెబితేనే టెన్షన్. తాతా అమ్మమ్మా ఒకటే అయిన జంటని పొరపాటున కూడా ఒక గదిలో ఉంచరు. దూరపు సంబంధం కుదిరేదాకా మగాణ్ని అలా బ్రహ్మచారిగానే కూర్చోబెడతారు. తమరు వచ్చి, "పాపం, ఒంటరిగా ఉంది, జోడు తేవచ్చు కదా" అని వార్తాపత్రికకి ఉత్తరం రాస్తారు.

మేనరికమంటే వాళ్లకి అంత భయం ఎందుకో తెలియాలంటే, తమరికి పరమ ప్రీతిపాత్రమైన తెల్లపులి వంశం తిరగేయాలి. 1951లో మధ్యప్రదేశ్ వైపు రేవా అడవుల్లో ఒక తెల్లపులి పిల్లని పట్టుకుని మోహన్ అని పేరు పెట్టారు. మామూలు ఆడపులితో జత కలిపితే పుట్టినవన్నీ మామూలు రంగే. అప్పటికే తమరు రేవాలో మకాం వేసి ఉంటారని నా అనుమానం. ఎందుకంటే ఆ తర్వాత మోహన్‌ని సొంత కూతురు రాధతో కలిపారు. 1958లో నాలుగు తెల్లపిల్లలు పుట్టాయి. ప్రపంచంలో బోనుల్లో ఉన్న తెల్లపులుల్లో అధికభాగానికి మూలపురుషుడు ఆ మోహనే. అదేమీ వేరే జాతి కాదు, ఒకే ఒక్క జన్యువులో వచ్చిన చిన్న మార్పు అని 2013లో చైనా శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే తెలుపు. కాబట్టి తెలుపు కోసం దగ్గరివాటినే మళ్లీ మళ్లీ కలుపుతూ వచ్చారు. రంగుతో పాటు కంటి నరాల అమరికలో తేడా వస్తుంది, కొన్నిటికి మెల్లకన్ను. దగ్గరి సంబంధాల వల్ల వచ్చే మిగతా లోపాలు అదనం. అమెరికా జూల సంఘం 2011లో తన సభ్యుల్ని తెల్లపులుల్ని ఇక పుట్టించొద్దంది. మన దగ్గర తెల్లపులి ముందు నిలబడి "అబ్బ, ఎంత తెల్లగా ఉందో!" అని మురిసేవాళ్లలో సగం మంది పెళ్లిచూపుల్లోనూ అదే మాటంటారు. కనుక ఈ ప్రస్తావన ఇంతటితో వదిలేస్తున్నాను.

తమరు ఏనాడూ అడగని జంతువొకటి ఉంది. రేచుకుక్క. అడవికుక్క అన్నా అదే. ఎర్రమట్టి రంగు ఒళ్లు, నల్లటి కుచ్చుతోక. ఊరకుక్కలా వీధి మేలుకునేట్టు మొరగదు, ఈల వేస్తుంది. వేటలో గుంపు చెదిరిపోతే పొదల్లోంచి ఆ ఈలతోనే ఒకదాన్నొకటి పిలుచుకుని మళ్లీ కలుస్తాయి. బ్రిటిష్ వాళ్ల కాలంలో దీన్ని చంపి తెచ్చినవాడికి డబ్బులిచ్చేవారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ ముచ్చట ఆగలేదు, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాకే తగ్గింది. ఇప్పుడు ప్రపంచం మొత్తమ్మీద అడవుల్లో మిగిలిన పెద్ద రేచుకుక్కలు 949 నుంచి 2,215 దాకా ఉండొచ్చని ప్రకృతి సంరక్షణకి పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐయూసీఎన్ అంచనా. అన్నిటికీ టికెట్లు తీస్తే జగదాంబ సెంటర్లో రెండు మూడు సినిమా హాళ్లు చాలు.

వీటి సంతతి పెంచే బాధ్యతని సెంట్రల్ జూ అథారిటీ మన విశాఖ జూకి అప్పగించింది. అందుకోసం ఇక్కడ ప్రత్యేకంగా బ్రీడింగ్ సెంటర్ ఉంది. అది తమరికి కనిపించదు, కనిపించకూడదు కూడా. ఒక మగ, ఒక ఆడ తెచ్చి తలుపు వేస్తే సరిపోయే వ్యవహారం కాదిది. రేచుకుక్కలది ఉమ్మడి కుటుంబం. సాధారణంగా గుంపులో ఒక జంటే పిల్లల్ని కంటుంది, మిగతావాళ్లు మేపుతారు. వేట నుంచి వచ్చి, తిన్నది కక్కి పిల్లల నోటికి అందిస్తారు. కాబట్టి వధూవరులు కలిస్తే చాలదు, ఆడపడుచులు, మరుదులు కూడా పొసగాలి. రెండు నెలల గర్భం. ఈనే రోజుల్లో బొరియ దగ్గర కొత్త మనిషి అలికిడైనా, చప్పుడైనా తల్లి బెదురుతుంది. బెదిరిన తల్లి పిల్లల్ని నోట కరుచుకుని చోటు మార్చడంతో ఆగితే అదృష్టం. అలాంటి చోటికి తమరు బ్లూటూత్ స్పీకరుతో వేంచేస్తే ఏమవుతుందో వేరే రాయక్కర్లేదు.

హైదరాబాద్‌లోనూ ఇదే కథ. నెహ్రూ జూలో అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లతో కలిసి మూషిక జింకల్ని 2010 నుంచి పెంచి, 2017లో నల్లమలలో వదలడం మొదలుపెట్టారు. కుందేలంత జింక. అడవిలో వదిలాక ఇంకెవరికీ కనబడదు. తమరి దృష్టిలో అంతకన్నా నష్టం వ్యాపారం ఉండదు.

అన్నట్టు, పిల్లలు పుట్టకుండా చూడటం కూడా ప్లానే. సర్కస్‌లలో పులుల్నీ సింహాల్నీ ఆడించకూడదని 1998లో కేంద్రం ఆంక్ష పెట్టింది. అక్కడి నుంచి విడిపించిన జంతువుల కోసం దేశంలో కట్టిన కేంద్రాల్లో ఒకటి మన విశాఖ జూలోనే. సర్కస్ సింహాల్లో చాలావాటికి ఆఫ్రికా సింహాల రక్తం, మన గుజరాత్ గిర్ అడవి సింహాల రక్తం కలిసిపోయాయి. వాటికి పిల్లలు పుడితే గిర్ సింహాల వంశం చెడుతుంది. అందుకని వాటికి తిండి, వైద్యం, నీడ మాత్రమే, సంతానం లేదు. ముసలితనం దాకా సాకి సాగనంపడమే. ఆ ముసలి సింహాన్ని చూసి "ఇదేంటి, జూలు ఊడిపోయింది!" అని తమరు పెదవి విరిచే ఉంటారు. సర్కస్ రింగులోంచి దూకిన జీవితమండీ అది.

పులి ఎన్‌క్లోజర్ దగ్గర తమరి పరివారాన్ని కాసేపు గమనించాను. మంచి ఎండ. పులి చెట్టు నీడలో ఒక పక్కకి ఒరిగి పడుకుంది. డొక్క లేచి పడుతోంది. ఈగ వాలినప్పుడల్లా చెవి ఒక్కటే టక్కున తిరుగుతోంది, మిగతా ఒళ్లు కదలదు. ఇవతల కమ్మీల దగ్గర ఒక కుర్రాడు ఈల వేశాడు. ఇంకొకడు చప్పట్లు. ఒక పెద్దాయన గొడుగు కర్రతో కమ్మీ మీద టంగుటంగుమని కొట్టి "ఏయ్, లెగు!" అన్నాడు. పులి ఒక కన్ను సగం తెరిచింది, ఆయన్ని చూసింది, మూసేసింది. "వేస్టురా, ఇది లెగదు" అని తీర్పిచ్చి అందరూ నడిచిపోయారు. జంతువుల్ని ఏడిపించడం, మేత వేయడం, గోల చేసి బెదరగొట్టడం ఆ 1972 చట్టంలోని 38జె సెక్షన్ కింద నేరం. ఆ సంగతి రాసిన బోర్డు పక్కనే ఉంది. దానికి హ్యాండ్‌బ్యాగ్ తగిలించి ఒకావిడ సెల్ఫీ దిగుతోంది.

కొత్తదేదీ రాలేదన్న మాట కూడా నిజం కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఊరితో పాటు జూలో చెట్లని కూడా పడగొట్టేసింది. ఆ తర్వాత నాటినవి ఇప్పుడు నీడనిస్తున్నాయి. వాటి కిందే టిఫిన్ బాక్స్ విప్పి, పులిహోర కలిపి పిల్లలకి పెడుతూ "ఏమీ రాలేదు, డబ్బులు దండగ" అంటున్నారు తమరు. జంతువుల దత్తత పథకం గురించి చెప్పబోయాను. మేత ఖర్చు మనం భరించవచ్చు, చిన్న పక్షి నుంచి పెద్ద పులి దాకా ఎవరి స్తోమతుకి తగ్గట్టు వాళ్లు. తమరు అడిగిన మొదటి ప్రశ్న, బోర్డు మీద పేరు ఎంత సైజులో రాస్తారని.

తమరిని ఊరు విడిచి వెళ్లమనే అధికారం నాకు లేదు. ఈ ఉత్తరం చదివాక కూడా తమరు జూకి రాకుండా ఉండలేరని తెలుసు. రండి. కాకపోతే ఒక్క మనవి, ఆదివారం వద్దు, సోమవారం రండి. ఆ రోజు టికెట్ కౌంటర్ దగ్గర క్యూ అస్సలు ఉండదు.

ఇట్లు,
తమరి వెనకే క్యూలో నిలబడ్డ
ఒక విశాఖవాసి